డొక్కల కరువు ఏ అరలో ఉంది?

పరిశోధన అనగానే అంశం, గైడు, సినాప్సిస్ అంటూ హడావిడి మొదలవుతుంది. యూనివర్సిటీ లైబ్రరీ మెట్లెక్కేది మాత్రం ఆఖర్న, అదీ రిఫరెన్సుల జాబితా నింపుకోవడానికి. నిజానికి మొట్టమొదట వెళ్లాల్సింది అక్కడికే. ప్రశ్న రూపుదిద్దుకునేది ఆ అరల మధ్యనే!

మా నాయనమ్మ కంచంలో మెతుకు వదిలితే ఊరుకునేది కాదు. ‘డొక్కల కరువులో పుట్టి ఉంటే తెలిసేది మీకు’ అనేది. ఆ కరువును ఆమె చూడలేదు. ఆమె అమ్మమ్మకూ అది విన్న మాటే. ఎప్పుడొచ్చిందో, ఎంతమందిని పొట్టన పెట్టుకుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ మాట మాత్రం మా గుంటూరు వైపు పల్లెల్లో అన్నం కంచం పక్కనే బతికింది.

చరిత్రలో ఎంఏ చేసి ఎంఫిల్‌లో చేరిన రోజున నా దగ్గరున్న పెట్టుబడి ఆ ఒక్క మాటే. ‘దేని మీద చేద్దామనుకుంటున్నావమ్మా?’ అని గైడు మాస్టారు అడిగితే, ‘ఆంధ్రదేశంలో కరువులు సార్’ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ‘అది అంశం కాదమ్మా, పెద్ద బీరువా. అందులో నీక్కావలసిన అర ఏదో చూసుకో. వారం రోజులు లైబ్రరీలో కూర్చో. ఒక్క ప్రశ్న పట్టుకుని వస్తే చాలు’ అన్నారు.

ఆ మధ్యాహ్నమే లైబ్రరీకి వెళ్లాను. హాల్లో వరసగా చిన్న చిన్న చెక్క సొరుగులు. ఒక్కో సొరుగులో వందల కార్డులు, వాటి అడుగున చిల్లుల్లోంచి దూర్చిన ఇత్తడి కడ్డీ. ‘డొక్కల కరువు’ వెతికాను. లేదు. ‘గుంటూరు కరువు’ వెతికాను. అదీ లేదు. మర్నాడు, ఆ మర్నాడు కూడా అదే తంతు. మూడో రోజు సాయంత్రం, ఇక్కడ ఏమీ లేదన్న నిర్ణయానికి వచ్చి సంచీ సర్దుకుంటుంటే, రిఫరెన్స్ బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన పిలిచారు. ‘మూడు రోజుల నుంచి చూస్తున్నాను. ఏం వెతుకుతున్నావమ్మా?’

చెప్పాను. ఆయన చిన్నగా తలూపారు. ‘నువ్వు మీ ఇంటి పేరుతో పిలుస్తున్నావు. లైబ్రరీలో దానికి వేరే పేర్లున్నాయి. అవేమిటో చూద్దాం, పద’ అన్నారు.

ఆ మాటకు పాతికేళ్లు దాటింది. చెక్క సొరుగుల స్థానంలో కంప్యూటర్ తెరలొచ్చాయి. కానీ కొత్తగా పరిశోధనలోకి అడుగుపెట్టే పిల్లలు ఇప్పటికీ సరిగ్గా అక్కడే ఆగిపోతున్నారు. తెర మీద ఒక మాట కొడతారు. ఏమీ రాదు, లేదంటే లక్ష వస్తాయి. రెండింటిలో ఏది జరిగినా చెయ్యి ఆడదు. వాళ్ల కోసమే, వాళ్లను చదివిస్తున్న అమ్మానాన్నల కోసమే ఈ కథ.

ఒక్క కరువుకు ఎన్ని పేర్లు!

పెద్దాయన ముందుగా ఒక తెల్లకాగితం తీశారు. ‘డొక్కల కరువుకే మీవైపు ఇంకో పేరుంది, నందన కరువు. అంటే నందన నామ సంవత్సరంలో వచ్చింది. అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే పేరది. లెక్క కట్టు’ అన్నారు. ఇప్పటివాళ్లకు ఆ లెక్క ఇంకా సులువు. మొన్నటి నందన 2012-13. మూడు అరవైలు వెనక్కి వెళ్తే 1832-33. చరిత్రకారులు గుంటూరు కరువు అని రాసేది సరిగ్గా ఈ ఏడాది గురించే. రాయలసీమ పెద్దలు చెప్పుకునే ధాత కరువునూ ఇలాగే పట్టుకోవచ్చు. ధాత 1876-77లో పడుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో 1876-78 మహాక్షామంగా కనిపించేది అదే.

ఏడాది దొరికింది కదా అనుకున్నాను. ఆయన ఆగలేదు. ‘ఈస్టిండియా కంపెనీ వాళ్ల రెవెన్యూ కాగితాలు ఫసలీ లెక్కలో నడుస్తాయి. ఇంగ్లీషు సంవత్సరంలోంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది’ అంటూ కాగితం మీద 1242 అని రాశారు. దాని కింద గుంటూరును ఆనాటి దొరలు ‘గుంటూర్’ అని పలుకుతూ చివర్న రెండు ‘ఓ’లు పెట్టి రాసిన స్పెల్లింగు. కృష్ణాకు ‘కిస్ట్నా’. మచిలీపట్నానికి ‘మసూలిపటం’. బెజవాడకు ‘బెజ్వాడా’. ఏలూరుకు ‘ఎల్లోర్’.

అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఆ తర్వాత వచ్చింది. ‘కరువును వాళ్లు ఫామిన్ అని రాయడానికి వెనకాడేవాళ్లు. స్కేర్సిటీ అనేవాళ్లు. డిస్ట్రెస్ అనేవాళ్లు. శిస్తు మాఫీ చేస్తే రెమిషన్ అని పద్దు పడేది. ఫామిన్ అన్న మాట కోసమే వెతికితే సగం కాగితాలు నీకు కనపడవు’ అన్నారు. 1852లో అచ్చయిన బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును బల్ల మీద పెట్టి, కరువు, కాటకం, క్షామం, వరపు అన్న మాటలకు ఆ కాలపు ఇంగ్లీషులో ఏమనేవారో రాసుకోమన్నారు.

లేచేసరికి నా చేతిలో పదిహేను పేర్లున్న కాగితం ఉంది. మూడు రోజులుగా దొరకని కరువు ఆ సాయంత్రమే నాలుగు చోట్ల దొరికింది.

పరిశోధన మొదలుపెట్టే ఎవరికైనా తొలి పని ఇదే. మీ అంశానికి ఎన్ని పేర్లున్నాయో ఒక కాగితం మీద రాయండి. ఇంట్లో అనే పేరు, పుస్తకాల పేరు, ఆఫీసు కాగితాల పేరు, పాత స్పెల్లింగు, కొత్త స్పెల్లింగు. సైన్సు విద్యార్థికైనా ఇది తప్పదు. మనం చీడ అనేదానికి వ్యవసాయ పత్రికల్లో లాటిన్ పేరు ఉంటుంది. మనం పసిరికలు అనేది వైద్య గ్రంథాల్లో మరో పేరుతో ఉంటుంది. ఆ కాగితమే తాళాల గుత్తి.

మెల్విల్ డ్యూయీ ఇంటి ప్లాను

పేర్లు తెలిశాక అరలు తెలియాలి. మన యూనివర్సిటీల్లో ఎక్కువ చోట్ల పుస్తకాలు సర్దేది అమెరికన్ గ్రంథపాలకుడు మెల్విల్ డ్యూయీ 1876లో అచ్చువేసిన దశాంశ పద్ధతిలో. కొన్నిచోట్ల మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి కోలన్ పద్ధతి ఉంటుంది. పుస్తకం వీపు మీద అంటించిన చీటీలో ఉండే అంకెలు ఆ పుస్తకం చిరునామా.

ఇక్కడే ఒక చిక్కుంది. డ్యూయీ పుస్తకాలను విషయాన్ని బట్టి కాకుండా శాస్త్రాన్ని బట్టి విడదీశాడు. అందుకని డొక్కల కరువు ఒక్కచోట ఉండదు. చరిత్రగా అది 954.84లో ఉంటుంది. తిండి గింజల కొరతగా 363.8లో. ఊళ్లొదిలి వెళ్లిపోయిన జనం కథగా 304.8లో. మాఫీ అయిన శిస్తుగా 336.2లో. కరువు తర్వాత కట్టిన ఆనకట్టగా 627లో. మా నాయనమ్మ నోటి సామెతగా 398.9లో. ఒక్క కరువు ఆరు అరల్లో చెల్లాచెదురుగా ఉంది. ఆ ఆరూ మూడు అంతస్తుల్లో ఉన్నాయి.

నేను మొదట చరిత్ర అర దగ్గరే తిష్ఠ వేశాను. పెద్దాయన నన్ను నీటిపారుదల అరకు తీసుకెళ్లి, వాల్ష్ అనే ఇంజినీరు కృష్ణా డెల్టా పనుల మీద 1899లో వేసిన పుస్తకం తీయించారు. ‘ఇది ఇంజినీర్ల పుస్తకం కదండీ’ అన్నాను. ‘ఆనకట్ట ఎందుకు కట్టాలో చెప్పాలంటే ముందు కరువు గురించి చెప్పాలి కదమ్మా’ అన్నారు. ఆ మాటతో నాకు లోకం కొంచెం పెద్దదైంది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ ఏడాదే బెజవాడ దగ్గర కృష్ణా మీద పని మొదలైంది. నందన కరువుకూ ఆ రాళ్లకూ మధ్య ఇరవై ఏళ్లే దూరం. చరిత్ర అరలోనే కూర్చుని ఉంటే ఆ రెంటినీ నేను కలిపి చూసేదాన్ని కాదు.

అందుకే కంప్యూటర్‌లో పుస్తకం నంబరు చూసుకుని, అదొక్కటే తీసుకుని వచ్చేయకండి. ఆ అర ముందు నిలబడండి. అటు పది పుస్తకాలు, ఇటు పది పుస్తకాలు తీసి విషయసూచిక చూడండి. మీరు అడగని పుస్తకం మీ ప్రశ్నను మలుపు తిప్పేది అక్కడే.

లేని జిల్లా

గుంటూరు గురించి వెతుకుతున్నాను కాబట్టి గుంటూరు జిల్లా మాన్యువల్, అంటే దొరల కాలంలో జిల్లా వివరాలు కూర్చి రాసిన పుస్తకం, ఇవ్వమని అడిగాను. విశాఖపట్నానికి 1869లో కార్మైకేల్ రాసిన మాన్యువల్ ఉంది. నెల్లూరుకు 1873లో బాస్వెల్‌ది ఉంది. గోదావరికి 1878లో మోరిస్‌ది ఉంది. గుంటూరుకు లేదు. ‘ఎవరూ రాయలేదేమో’ అనుకున్నాను.

‘ఆ కాలంలో గుంటూరు జిల్లా ఉందో లేదో చూశావా?’ అని అడిగారు పెద్దాయన. చూడలేదు. 1859లో గుంటూరు, మచిలీపట్నం కలెక్టరేట్లను కలిపి కృష్ణా జిల్లా చేశారు. మళ్లీ 1904లో గానీ గుంటూరు విడివడలేదు. మాన్యువల్‌లు రాసిన కాలానికి గుంటూరు కృష్ణాలో భాగం. అంటే నాక్కావలసింది గోర్డన్ మెకంజీ 1883లో రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్. ఒంగోలు సంగతులు కావాలంటే నెల్లూరు మాన్యువల్ తిరగేయాలి. ఎందుకంటే 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉంది.

కృష్ణా మాన్యువల్ వచ్చింది. అంచులు తేనెరంగుకు తిరిగిన కాగితం. గట్టిగా తిప్పితే పెళుసుగా విరుగుతోంది. రెండు చేతుల్తో పేజీ లేపి తిప్పడం ఆయనే నేర్పారు. అందులో నందన కరువు ఉంది. మా నాయనమ్మ మాట అచ్చులో నిజమై కనపడిన ఆ క్షణాన నాకు కళ్లు చెమర్చాయి. 

ఇవాళ ఈ పాఠం మరీ అవసరం. రెండు రాష్ట్రాల్లోనూ జిల్లాలు మారాయి. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి. బాపట్ల జిల్లా మీద పదేళ్ల కిందటి లెక్కలు కావాలంటే గుంటూరు, ప్రకాశం పుస్తకాల్లో చూడాలి. ములుగు సంగతి వరంగల్‌లో ఉంటుంది. ఊరు కదల్లేదు, దాని కాగితాలు మాత్రం జిల్లా మారినప్పుడల్లా ఇల్లు మారాయి.

తీగ లాగితే...

మంచి పుస్తకం ఒక్కటి దొరికితే చాలు, మిగతా దారి అదే చూపిస్తుంది. నాకు దొరికిన ఆ పుస్తకం రాబర్ట్ ఎరిక్ ఫ్రికెన్‌బర్గ్ 1965లో వేసిన గుంటూరు జిల్లా చరిత్ర. 1788 నుంచి 1848 దాకా కంపెనీ కాలపు కలెక్టరేట్‌లో అధికారం నిజంగా ఎవరి చేతుల్లో ఉండేదో తవ్వి తీసిన గ్రంథం అది. చాలామంది ఇలాంటి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి ముప్పయ్యో పేజీలో అలసిపోతారు. పరిశోధన చేసేవాళ్లు వెనక నుంచి చదవడం నేర్చుకోవాలి. ముందు పదసూచిక, తర్వాత ఆధారాల జాబితా, ఆ పైన ఫుట్‌నోట్లు.

ఫుట్‌నోట్ అంటే ఆ రచయిత ఏ తలుపు తట్టాడో చెప్పే ఆనవాలు. ఒక రికార్డు పేరు మూడు పుస్తకాల ఫుట్‌నోట్లలో కనిపించిందంటే అది మీరూ చూసి తీరాల్సిన రికార్డు. ఇలా వెనక్కి వెళ్లడం ఒక దారి. ముందుకు వెళ్లే దారి కూడా ఇప్పుడుంది. గూగుల్ స్కాలర్‌లో ఆ పుస్తకం పేరు కొట్టి, దాన్ని ఎవరెవరు ఉదహరించారో నొక్కితే, తర్వాత వచ్చిన పరిశోధనంతా వరసకడుతుంది. వెనక్కి తాతల దాకా, ముందుకు మనవల దాకా, ఒక్క పుస్తకంతో వంశవృక్షం మొత్తం చేతికొస్తుంది.

ఈ పనిలో చేసిన ఒక పొరపాటు నన్ను చాలాకాలం బాధించింది. ఒక పాత పత్రికలో కరువు మీద అపురూపమైన పేరా చూసి నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను. సంచిక, పేజీ రాసుకోలేదు. ఆ తర్వాత ఎంత గాలించినా అది దొరకలేదు. ఆధారం చూపలేని మాటను సిద్ధాంత గ్రంథంలో పెట్టలేను కనుక వదిలేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ముందు రచయిత, పుస్తకం, ముద్రణ, సంవత్సరం, పేజీ, ఏ లైబ్రరీలో చూశానో రాసి, ఆ తర్వాతే విషయం రాస్తాను. ఇప్పుడు జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఆ వివరాలన్నీ భద్రంగా దాచిపెడతాయి. మొదటి రోజే దాన్ని కంప్యూటర్‌లో పెట్టుకోవడం వివేకం.

తెర మీది బీరువాలు

ఈ తరానికి దక్కిన సదుపాయాలు చూస్తే నాకు సంతోషం ఆగదు. అప్పట్లో ఒక విదేశీ జర్నల్ వ్యాసం కోసం నెలలు ఎదురుచూసేవాళ్లం. 2025 జనవరి 1 నుంచి కేంద్రం అమలు చేస్తున్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13 వేల జర్నళ్లు 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మారుమూల ప్రభుత్వ డిగ్రీ కాలేజీ విద్యార్థికీ ఐఐటీ విద్యార్థికీ ఇప్పుడు ఒకే బీరువా. మీ కాలేజీ అందులో ఉందో లేదో, ఇంటి నుంచి లాగిన్ ఎలా కావాలో లైబ్రరీలో అడిగితే చెబుతారు. అడగనిదే అమ్మయినా పెట్టదు!

రెండోది శోధ్‌గంగ. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ఈ భాండాగారంలో మన దేశపు పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఐదు లక్షలకు పైగా ఉన్నాయి. అంశం ఖాయం చేసుకునే ముందు ఇది చూడటం తప్పనిసరి. మీరనుకున్నది ఎవరైనా చేసేశారా అన్నది తెలుస్తుంది. చేసి ఉంటే దిగులు పడక్కర్లేదు. వాళ్ల చివరి అధ్యాయం తెరవండి. ఇంకా జరగాల్సిన పని ఏమిటో చాలామంది అక్కడ రాస్తారు. మీ ప్రశ్న అక్కడ మీ కోసం కాచుకుని ఉండొచ్చు.

తెలుగు పుస్తకాల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో వేలకొద్దీ పాత తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఇప్పుడు వాటిలో చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చదువుకోవచ్చు. కానీ పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ‘చరిత్ర’ను ఒకరు ‘సి’తో మొదలెట్టి వెంటనే ‘ఏ’ రాస్తే, ఇంకొకరు మధ్యలో ‘హెచ్’ చేరుస్తారు. మరొకరు ‘టి’ పక్కన కూడా ఇంకో ‘హెచ్’ పెడతారు. కొన్నిచోట్ల అచ్చుతప్పులతో పేరే గుర్తుపట్టలేం. కాబట్టి ఒక్క స్పెల్లింగుతో లేదనుకుని వదిలేయకండి. నాలుగు రకాలుగా కొట్టండి. రచయిత ఇంటిపేరుతో కొట్టండి. తెలుగు లిపిలోనూ కొట్టి చూడండి. నేను రాయించుకున్న పేర్ల కాగితం ఇక్కడా పనికొస్తుంది.

ఇంకో హెచ్చరిక కూడా ఈ కాలానిదే. కృత్రిమ మేధను అడిగితే చక్కటి ఆధారాల జాబితా క్షణాల్లో ఇస్తుంది. అందులో లేని పుస్తకాలు, రాయని వ్యాసాలు కలిసిపోయి ఉండొచ్చు. ప్రతి పేరునూ లైబ్రరీ కేటలాగ్‌లో చూసుకుని, పుస్తకం చేత్తో పట్టుకుని పేజీ చూశాకే మీ జాబితాలోకి ఎక్కించండి. కళ్లతో చూడనిదాన్ని ఆధారం అనకూడదు.

అసలు కాగితం దగ్గరికి

అచ్చు పుస్తకాలు ఎంత చదివినా అవి ఒకరి కళ్లతో చూసినవే. ఏదో ఒక రోజు అసలు కాగితం దగ్గరికి వెళ్లాలి. ఆ ప్రయాణానికి టికెట్ ఇచ్చేది కూడా యూనివర్సిటీయే. ఆర్కైవ్స్‌లో అడుగు పెట్టాలంటే ఫలానా విద్యార్థి ఫలానా పరిశోధన చేస్తున్నట్టు సంస్థ నుంచి ఉత్తరం అడుగుతారు. ముందే రాయించుకుంటే ఒక ప్రయాణం మిగులుతుంది.

నా అంశానికి సంబంధించి మద్రాసు రెవెన్యూ బోర్డు కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. హైదరాబాద్ రాజ్యం సంగతులైతే తార్నాకలోని తెలంగాణ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. కరువుకు ముందు ఆ ఊళ్లు ఎలా ఉండేవో తెలియాలంటే కల్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులున్నాయి. ఆయన 1821లోనే కన్నుమూశారు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, ఇంకెందరో తెలుగువాళ్లు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించిన ఆ కాగితాల్లో చెరువులు, గుళ్లు, మాన్యాలు, వంశాలు అన్నీ ఉన్నాయి. కొన్ని అచ్చయ్యాయి కూడా.

పత్రికల కోసం యూనివర్సిటీ గడప దాటాలి. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో ప్రారంభించిన ‘భారతి’ పాత సంచికలు తెలుగు పరిశోధకుడికి గని. 1918లో వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనం పాత పత్రికలకు పెట్టింది పేరు. హైదరాబాద్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వయసు దానికన్నా ఎక్కువ. అది 1901లో ఆరంభమైంది. తెలుగునాట యూనివర్సిటీలు ఇంకా వేళ్లూనుకోని రోజుల్లో తెలుగువాళ్లు చందాలేసుకుని కట్టుకున్న పరిశోధనాలయాలివి. మీ యూనివర్సిటీ లైబ్రరీలో లేనిది ఎక్కడుందో అక్కడి సిబ్బందే చెప్పగలరు. అంతర్ గ్రంథాలయ అరువు పద్ధతిలో కొన్నిసార్లు తెప్పించనూ గలరు.

అంకెను కూడా అడగాలి

గుంటూరు కరువు గురించి చదివితే ఒక లెక్క మళ్లీమళ్లీ ఎదురవుతుంది. ఐదు లక్షల జనాభాలో రెండు లక్షల మంది పోయారని. చదవగానే గుండె గుభేలుమంటుంది. రాసుకుని ముందుకు వెళ్లిపోవాలనిపిస్తుంది. నేనూ అదే చేశాను. మాస్టారు చూసి ఒక్కటే అడిగారు. ‘ఎవరు లెక్కపెట్టారమ్మా?’

దేశమంతటికీ మొదటిసారి జనాభా లెక్కలు తీసింది 1871-72లో. కరువు వచ్చింది దానికి నలభై ఏళ్ల ముందు. అప్పుడు ఆ ఐదు లక్షలన్నది ఎక్కడ నుంచి వచ్చింది? అది అధికారులు వేసిన అంచనా. ఊళ్లో లేనివాళ్లంతా చనిపోయినవాళ్లేనా? పొట్ట చేతపట్టుకుని వలస వెళ్లినవాళ్లెందరు? లెక్క రాసిన ఉద్యోగికి ఆ అంకె పెంచడం వల్ల శిస్తు మాఫీ వచ్చే వీలుందా?

ఇవన్నీ మృతులను తక్కువ చేయడానికి వేసే ప్రశ్నలు కావు. ఆ మనుషులను నిజంగా వెతకాలనుకునేవాళ్లు వేయాల్సిన ప్రశ్నలు. పుస్తకంలో అచ్చయిన అంకెకు వెనక ఒక మనిషి, ఒక కలం, ఒక అవసరం ఉంటాయి. లైబ్రరీ ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. ఒకే సంఘటన మీద ఇంజినీరు పుస్తకం, కలెక్టరు పుస్తకం, చరిత్రకారుడి పుస్తకం తెరిచి ఒకే బల్ల మీద పరుచుకునే వీలు ఇంకెక్కడ ఉంది?

ఆ బల్ల వెనక మనిషి

కోలన్ పద్ధతి ఇచ్చిన షియాలి రామామృత రంగనాథన్ మొదట లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు యూనివర్సిటీకి లైబ్రేరియన్ అయ్యారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో ఏర్పడే దాకా కోస్తా, సీమ కాలేజీల పిల్లలకూ అదే యూనివర్సిటీ. 1931లో ఆయన ప్రకటించిన ఐదు సూత్రాలు ఇవాళ్టికీ ప్రపంచమంతా గ్రంథాలయ శాస్త్రానికి పునాది. పాఠకుడి కాలం వృథా కాకూడదన్నది వాటిలో ఒకటి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 12ను గ్రంథపాలకుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

నా మూడు రోజులు వృథా కాకుండా కాపాడింది ఆ సూత్రాన్ని నమ్మిన ఒక పెద్దమనిషి. కొత్త పరిశోధకులకు నేను చెప్పే మాట ఒక్కటే. సిగ్గుపడకండి. ‘నా అంశం ఇది, ఇప్పటిదాకా ఇవి చూశాను, ఇక్కడ ఆగిపోయాను’ అని అడగండి. ‘కరువు మీద పుస్తకాలున్నాయా?’ అని అడిగితే ఒక అర చూపిస్తారు. ‘1832లో గుంటూరు నుంచి వలస వెళ్లినవాళ్ల గురించి ఎక్కడ వెతకాలి?’ అని అడిగితే వాళ్లూ మీతో పాటు లేచి వస్తారు.

యూనివర్సిటీలను, ప్రభుత్వాలను కూడా ఒక మాట అడగాలి. లక్షలు పోసి కొన్న డేటాబేస్‌లను వాడటం నేర్పే మనిషి లేకపోతే అవి తాళం వేసిన బీరువాలే. రిఫరెన్స్ బల్ల వెనక కుర్చీ ఖాళీగా ఉంటే, ఆ ఏడాది చేరిన ప్రతి పరిశోధకుడూ నాలాగే మూడు రోజులు వెతికి సంచీ సర్దుకుంటాడు. అందరినీ వెనక్కి పిలిచే పెద్దాయన ఉండడు.

తొలి వారం ఇలా...

మొదటి రోజు: లైబ్రరీ మొత్తం నడిచి చూడండి. రిఫరెన్స్ విభాగం, పాత పత్రికలు, సిద్ధాంత గ్రంథాలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి. ఆన్‌లైన్ లాగిన్ తీసుకోండి.

రెండో రోజు: నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు, గెజిటీర్లు ముందేసుకుని మీ అంశానికున్న పేర్లన్నీ రాయండి.

మూడో రోజు: ఆ పేర్లతో కేటలాగ్ గాలించండి. ఏయే నంబర్ల అరల్లో మీ అంశం ఉందో జాబితా వేసి, ప్రతి అర ముందూ నిలబడి చూడండి.

నాలుగో రోజు: ఒక్క మంచి పుస్తకం ఎంచుకుని ఆధారాల జాబితా, ఫుట్‌నోట్లు చదవండి.

ఐదో రోజు: శోధ్‌గంగలో, జర్నళ్లలో మీకన్నా ముందు ఎవరేం చేశారో చూడండి.

ఆరో రోజు: లైబ్రేరియన్‌తో అరగంట కూర్చోండి. ఆగిపోయిన చోట్లు చెప్పండి.

ఏడో రోజు: పుస్తకాలన్నీ మూసి, మీ ప్రశ్నను ఒకే వాక్యంలో రాయండి. అందులో చోటు, కాలం, మనుషులు ఉండాలి.

వారం తర్వాత నేను మాస్టారి గదికి ఒక్క వాక్యంతో వెళ్లాను. ‘నందన కరువు పోయాక గుంటూరు పల్లెలకు తిరిగొచ్చిందెవరు, రానిదెవరు?’ ఆయన రెండుసార్లు చదువుకుని, ‘ఇప్పుడు మొదలుపెట్టు’ అన్నారు.

గ్రంథం పూర్తయ్యేసరికి రెండేళ్లు పట్టింది. చివర్న అంశానికి సంబంధించిన కీలక పదాలు రాయమన్నారు. గుంటూరు, కరువు, వలస, మద్రాసు ప్రెసిడెన్సీ అని రాశాను. కాసేపు ఆగి, ఐదో మాటగా మా నాయనమ్మ మాటను తెలుగులోనే చేర్చాను.

ఆ మధ్య పాత యూనివర్సిటీకి వెళ్లినప్పుడు లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుని ‘డొక్కల కరువు’ అని కొట్టాను. ఒక్క పుస్తకం వచ్చింది. పక్కన దాని నంబరు, అంతస్తు, అర.